మళ్లీ హౌస్ సర్జన్



నందిగామలో మా ఆస్పత్రి చిన్నది. పది మంచాలు, ఒక కాంపౌండరు, ఇద్దరు నర్సులు. అక్కడ నాలుగేళ్లు రాత్రి డ్యూటీ చేసిన ఒక డాక్టరమ్మాయి ఇప్పుడు అమెరికాలో రెసిడెన్సీ రెండో ఏడు చేస్తోంది. ఆమెది జగ్గయ్యపేట. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నెలనెలా బీపీ బిళ్లల కోసం కంచల నుంచి వచ్చే పెద్దాయన ఒకరున్నారు. ఆయన వచ్చిన ప్రతిసారీ అడిగే మాట ఒక్కటే. "మన డాక్టరమ్మ చదువు అయిపోయిందా సారూ?"

కాలేదు, ఇంకా ఏడాది పైన ఉందంటాను.

"అదేందయ్యా, డాక్టరైనాకే గదా నాకు సూదేసింది? మళ్లీ ఏం చదువు?"

ఓపీలో ముప్పై మంది కూర్చుని ఉంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. ఇవాళ ఈ రేడియో మైకు ముందు కాస్త తీరుబడిగా చెప్పే అవకాశం దొరికింది.

మన పక్క ఊళ్ల నుంచి అమెరికా వెళ్లే పిల్లల్లో ఎక్కువమంది ఇంజనీర్లు. వాళ్ల డిగ్రీ వాళ్లతోపాటే విమానం దిగుతుంది. డాక్టరు డిగ్రీ అలా దిగదు. ఇక్కడ ఎండీ చేసినా, పదేళ్లు ప్రాక్టీసు చేసినా, అక్కడి ఆస్పత్రిలో మళ్లీ కొన్నేళ్లు శిక్షణ పొందితే తప్ప, చాలా రాష్ట్రాల్లో సొంతంగా ఒక్క బిళ్ల రాయడానికి లేదు. ఆ శిక్షణ పేరే రెసిడెన్సీ. పూర్వం కుర్ర డాక్టర్లు ఆస్పత్రిలోనే కాపురముండి పనిచేసేవాళ్లు కాబట్టి ఆ పేరు నిలబడిపోయింది. అది కాలేజీ చదువు కాదు, ఉద్యోగం. జీతం వాళ్లే ఇస్తారు. ఫీజు కట్టే పని లేదని ఆ అమ్మాయి తల్లిదండ్రులకు నచ్చజెప్పడానికే నాకు సగం రోజు పట్టింది. వాళ్ల నాన్న నా మాట నమ్మక, మా కాంపౌండరును పక్కకు పిలిచి మళ్లీ అడిగాడు.

జీతమిచ్చే ఆ ఉద్యోగం దాకా వెళ్లే దారిలో మాత్రం ఖర్చు తక్కువేమీ కాదు. ఈసీఎఫ్‌ఎంజీ అని ఒక సంస్థ ఉంది. 1956లో పుట్టింది. పరాయి దేశంలో చదివిన డాక్టర్ల అర్హతను పరీక్షించి సర్టిఫికెట్టు ఇవ్వడం దాని పని. దానికోసం స్టెప్ 1, స్టెప్ 2 అనే పరీక్షలు రాయాలి. ఒక్కోటి రోజంతా సాగుతుంది, ఒక్కోదానికి వెయ్యి డాలర్ల పైమాటే. స్టెప్ 1కు 2022 జనవరి నుంచి మార్కులు చెప్పడం మానేశారు, పాసా ఫెయిలా అంతే. అది విని ఇక్కడి పిల్లలు బరువు దిగిందనుకున్నారు. దిగలేదు. స్టెప్ 1లో మార్కులు చూపించి మన మీద ఉన్న అనుమానం తీర్చే వీలు పోయింది. ఇప్పుడు ఆ బరువంతా స్టెప్ 2 మీద పడింది. వీటికి తోడు రోగితో ఇంగ్లీషులో మాట్లాడగలరా అని చూసే ఓఈటీ. ఆ పైన సెప్టెంబరులో దరఖాస్తులు. మా డాక్టరమ్మాయి వంద పైచిలుకు ఆస్పత్రులకు పెట్టింది. పిలుపులు వచ్చింది ఐదు.

ఆ తర్వాతది మనవాళ్లకు బాగా అర్థమయ్యే ఘట్టం. ఇంటర్వ్యూలయ్యాక, ఏ ఆస్పత్రి తనకు ఎంత ఇష్టమో వరసగా రాసి డాక్టరు ఒక జాబితా ఇస్తుంది. ఏ డాక్టరు తమకు ఎంత ఇష్టమో ఆస్పత్రి ఇంకో జాబితా ఇస్తుంది. రెండింటినీ కంప్యూటరు కలుపుతుంది. దీన్ని మ్యాచ్ అంటారు. దీని వెనక ఉన్న లెక్కను 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు పెళ్లి సంబంధాల ఉదాహరణతోనే రాశారు. ఆ విషయంలోనే షాప్లీకీ, డాక్టర్ల మ్యాచ్‌ను తిరిగి తీర్చిదిద్దిన ఆల్విన్ రోత్‌కూ 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన పెళ్లిళ్ల పేరయ్యలకు ఎవరూ ఇవ్వలేదు. మార్చిలో ఒక సోమవారం, సంబంధం కుదిరిందా లేదా అని మాత్రం చెబుతారు. ఎవరితో కుదిరిందో శుక్రవారం దాకా చెప్పరు. ఆ నాలుగు రోజులూ అమ్మాయి మా ఆస్పత్రిలో డ్యూటీకి వచ్చింది. రమ్మని నేను అనలేదు. ఇంట్లో ఉంటే అమ్మ అడుగుతూనే ఉంటుందట.

ఈ పరీక్షలేవీ లేని రోజుల్లో వెళ్లినవాళ్లున్నారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ థియేటరులోకి వెళ్లినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చిందనీ, అందుకే ఆయనకు పూర్తి డిగ్రీ రాక ఎల్‌ఎంఎస్ అనే తక్కువ సర్టిఫికెట్టుతో సరిపెట్టారనీ చెబుతారు. 1920ల తొలి సంవత్సరాల్లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం బోస్టన్‌లో దిగారు. ప్రాక్టీసుకు లైసెన్సు లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. పోర్టరంటే స్ట్రెచరు తోసే మనిషి, మంచం కింద గిన్నెలు తీసే మనిషి. డాక్టరు చదువు చదివిన మనిషి రాత్రంతా ఆ పని చేసి, పొద్దున్నే క్లాసుకు వెళ్లేవాడు.

ఆయన తర్వాత జీవరసాయనశాస్త్రంలోకి మళ్లారు. శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఆయన పేరుమీదా ఫిస్కే పేరుమీదా ఇప్పటికీ ఉంది. లెడర్లే కంపెనీలో ఆయన నడిపిన బృందం నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు వాడే డీఈసీ మందు వచ్చాయి. మా అమ్మాయి నందిగామలో ఉన్న నాలుగేళ్లలో ఏ గర్భిణి వచ్చినా చీటీ మీద మొదట రాసింది ఫోలిక్ యాసిడే. ఆ బిళ్ల వెనక ఒక పోర్టరు ఉన్నాడని నేను చెప్పేదాకా ఆమెకు తెలీదు. చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడకుండా, "అయితే నేను స్ట్రెచర్ తొయ్యనక్కర్లేదుగా సార్" అంది.

మన ఉమ్మడి కృష్ణా జిల్లాకే వస్తే కాకర్ల సుబ్బారావుగారు. మా మెట్ట వైపు కాదు, డెల్టా. ఊరు పెదముత్తేవి. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి 1951లో అమెరికా వెళ్లారు. 1955లో అక్కడి రేడియాలజీ బోర్డు పాసై, మరుసటి ఏడు తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1970లో మళ్లీ వెళ్లారు. అక్కడి తెలుగువాళ్ల సంఘం తానాకు తొలి అధ్యక్షులు ఆయనే. ఎనభైల్లో ఎన్టీ రామారావుగారి పిలుపుమీద హైదరాబాదు వచ్చి నిమ్స్ ఆస్పత్రిని నిలబెట్టారు. 2021లో కన్నుమూశారు. రెండుసార్లు వెళ్లి రెండుసార్లు వచ్చిన మనిషి. వెళ్లినవాళ్లు రారనే మాట విన్నప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు. వచ్చినవాళ్లు తక్కువేననుకోండి, అది వేరే సంగతి. మంటాడలో పుట్టి కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన నోరి దత్తాత్రేయుడుగారు న్యూయార్కులో క్యాన్సరు రేడియేషన్ వైద్యంలో ఎంత పేరు తెచ్చుకున్నారో పేపర్లలో మీరు చదివే ఉంటారు. అక్కడ 1965లో వలస చట్టం మారింది. అదే ఏడు వృద్ధులకు మెడికేర్ వచ్చింది. ఆస్పత్రుల్లో డాక్టర్లు చాలక మన కాలేజీల బ్యాచ్‌లకు బ్యాచ్‌లే విమానమెక్కిన కాలం అది. ఇప్పుడక్కడ ప్రతి నలుగురు డాక్టర్లలో ఒకరు బయట దేశంలో చదివినవాళ్లే.

నేనూ వెళ్లాను. ఈ మాట మా ఊళ్లో చాలామందికి తెలియదు. నేనే చెప్పుకోలేదు.

గుంటూరులో ఎంబీబీఎస్ అయ్యాక కొన్నాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసి, 2005లో ఇంగ్లండ్ వెళ్లాను. 1975 దాకా మన డిగ్రీని అక్కడి మెడికల్ కౌన్సిల్ నేరుగా ఒప్పుకునేది. ఆ ఏడు నుంచి పరీక్ష పెట్టింది. తర్వాత దానికి ప్లాబ్ అని పేరొచ్చింది. మొదటి భాగం ఇక్కడే రాసి, రెండోదానికి అప్పట్లో లండన్ వెళ్లాల్సి వచ్చేది. ఈస్ట్‌హామ్‌లో ఒక ఇంట్లో ఏడుగురం డాక్టర్లం. ఒక వంటగది, ఒక బాత్‌రూము. ఇద్దరు తెలుగువాళ్లం, ఒక తమిళుడు, ఒక నైజీరియా ఆయన, మిగతావాళ్లు పాకిస్థాన్. దగ్గర్లో మురుగన్ గుడి ఉండేది. శుక్రవారం ప్రసాదం పెడతారని తెలిశాక మా ఇంట్లో అన్ని మతాలవాళ్లకూ భక్తి పెరిగింది. రాత్రుళ్లు ఒకరు రోగి, ఒకరు డాక్టరు, ఒకరు గడియారం పట్టుకునేవాళ్లు. ఇదే మా అభ్యాసం.

ఎందుకంటే ఆ రెండో భాగంలో రోగులు నిజం రోగులు కాదు, నటులు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళుతుండాలి. అప్పట్లో గదికి ఐదు నిమిషాలు. నాకు పడ్డ ఒక గదిలో ఒక నడివయసు స్త్రీ కూర్చుని ఉంది. ఆమె రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలిందనీ, ఆ సంగతి ఆమెకు చెప్పాలనీ తలుపు మీద కాగితం. నేను లోపలికి వెళ్లి, కూర్చోకుండానే చెప్పేశాను. తర్వాత చేయాల్సిన స్కాన్లు, ఆపరేషను, మందులు వరసగా అప్పజెప్పాను. ఆమె ఏడవడం మొదలెట్టింది. నటనే, కానీ కన్నీళ్లు నిజం. నాకేం చేయాలో తోచలేదు. ఇంకా మూడు నిమిషాలుంది. ఆ మూడు నిమిషాలూ నేను గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను. ఫెయిలయ్యాను.

ఈస్ట్‌హామ్ తిరిగొచ్చి ఆలోచిస్తే తట్టింది. నేను అప్పటిదాకా ఏ రోగికీ ఆ మాట చెప్పి ఎరగను. మన దగ్గర రోగికి ఎవరు చెబుతారు? తలుపు బయటికొచ్చి పెద్దకొడుకు భుజం మీద చెయ్యేస్తాం. వాడు "అమ్మకు చెప్పకండి సారూ" అంటాడు. అమ్మకు గ్యాస్ అని చెబుతాం. ఆమె నమ్మినట్టు తలాడిస్తుంది. ఇది తప్పా ఒప్పా అని నేనిప్పుడు తీర్పు చెప్పను. ఆ తలాడించడంలో ఆమెకు ఎంత తెలిసిపోయిందో నాకీనాటికీ అంతుపట్టదు. కానీ ఆ గదిలో కొడుకు లేడు. ఆమే, నేనూ. వైద్యం నాకు వచ్చు. అక్కడ కూర్చోవడం రాదు.

రెండోసారి పాసయ్యాను. 2006 వసంతం. అంతలో అక్కడి ప్రభుత్వం నిబంధన మార్చింది. అంతకుముందు బయటి డాక్టర్లు వర్క్ పర్మిటు లేకుండానే శిక్షణ ఉద్యోగాల్లో చేరేవాళ్లు. మార్చిలో ప్రకటించారు, ఏప్రిల్ నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. బ్రిటిష్, యూరోపియన్ డాక్టర్లకు ఇచ్చాక మిగిలితేనే మనకు. భారతీయ సంతతి డాక్టర్ల సంఘం బాపియో కోర్టుకెక్కింది. ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు చెల్లవని 2008లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పొచ్చింది. ఆ తీర్పు నేను నందిగామలో పేపర్లో చదివాను. అప్పటికి బోర్డు కట్టి రెండేళ్లయింది. నాన్న తాకట్టు పెట్టిన ఎకరం పత్తిచేను విడిపించడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. 2025లో మే నెలాఖరు నుంచి జూన్ మధ్యదాకా అమెరికా విద్యార్థి, శిక్షణ వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేస్తే, జులై ఒకటిన డ్యూటీలో చేరాల్సిన కొత్త రెసిడెంట్లు ఎట్లా గడిపి ఉంటారో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే ఏడు సెప్టెంబరులో కొత్త హెచ్1బీ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. ఈ దారిలో బయల్దేరే పిల్లలకు నేను చెప్పే జాగ్రత్త ఇదొక్కటే. పరీక్ష మీ చేతిలో ఉంది, తేదీ మీ చేతిలో లేదు. పొలం మొత్తం తాకట్టు పెట్టొద్దు.

మనమేమీ తక్కువ తిన్లేదని కూడా ఇక్కడే అనేయాలి. ఉక్రెయిన్, చైనా, ఫిలిప్పీన్స్, కిర్గిజ్‌స్థాన్‌లలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన మన పిల్లలకు మనమూ పరీక్ష పెడుతున్నాం. 300 ప్రశ్నలు, 150 వస్తే పాసు. యుద్ధంలోంచి సూట్‌కేసు కూడా లేకుండా వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. పరాయి డాక్టరంటే అనుమానం అందరికీ ఉంది.

మా అమ్మాయి సంగతికి వస్తాను.

నందిగామ చుట్టుపక్కల ఊళ్లు మీలో కొందరికి తెలిసే ఉంటాయి. పత్తి, మిరప. రెండూ పురుగుమందు తాగే పంటలే. అప్పు పెరిగినా, ఇంట్లో మాటా మాటా అనుకున్నా, మనుషులూ తాగుతారు. రాత్రి పదకొండుకు ఆటో ఆగుతుంది. మనిషి ఒళ్లంతా చెమట, నోట్లో నురగ, గుండె కొట్టుకోవడం నెమ్మది, కనుపాప గుండుసూది మొనంత. దగ్గరికి వంగితే వెల్లుల్లి లాంటి వాసన. ఆట్రోపిన్ ఎక్కించాలి. ఎంత? పుస్తకంలో లెక్కుంది, కానీ ఆగాల్సింది ఛాతీ విని. స్టెతస్కోపులో గరగర పోయి ఊపిరి పొడిగా వినిపించేదాకా ఎక్కిస్తూనే ఉండాలి. మరీ ఎక్కువైతే ఆ మనిషి గాలిలో కనపడని దారాలు లాగుతుంటాడు. బంధువులు భయపడతారు. ఆ రాత్రుళ్లలో మా అమ్మాయి మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. తెల్లారేసరికి ఆ ఛాతీలో ఏముందో ఆమెకు తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు.

పాము కరిచినవాళ్లదీ ఇంతే. కరిచింది కట్లపామో రక్తపింజరో తేల్చుకోవడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. పొడిగా ఉన్న గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెడతాం. తర్వాత వంచి చూస్తాం. గడ్డకడితే ఒకటి, నీళ్లలా జారితే ఇంకొకటి. ఆ ఇరవై నిమిషాలూ కరిచిన మనిషి కొడుకు గొట్టం వైపే చూస్తుంటాడు. జారితే, విషానికి విరుగుడు మందు మొదలుపెట్టి, విజయవాడకు అంబులెన్సు మాట్లాడతాం.

ఈ చేతులతో అమ్మాయి అమెరికా వెళ్లింది. రెసిడెన్సీలో మొదటి ఏడు చేసేవాళ్లను ఇంటర్న్‌లంటారు, మన హౌస్ సర్జన్ల లాంటివాళ్లే. వారానికి సగటున ఎనభై గంటలకు మించి పని చేయించకూడదని 2003 నుంచి అక్కడ నియమం. మన హౌస్ సర్జన్లు వింటే అసూయపడతారు. చేరిన రెండో నెలలో ఒక రాత్రి ఎమర్జెన్సీకి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. ఇరవై రెండేళ్లు. స్పృహ లేదు. ఈమె కనురెప్ప ఎత్తి టార్చి వేసింది. కనుపాప గుండుసూది మొనంత. "సార్, నా నోటికి ఆట్రోపిన్ అనే మాట వచ్చేసింది" అని చెప్పింది నాతో ఫోన్‌లో. అప్పుడు చూసింది, చర్మం పొడిగా ఉంది. నోట్లో నురగ లేదు. ఊపిరి నిమిషానికి నాలుగో ఐదో. పక్కనున్న నర్సు అప్పటికే ఇంకో మందు సిరంజిలోకి తీసి పట్టుకుంది. నలోక్సోన్. ఆ కుర్రాడు తీసుకున్నది పురుగుమందు కాదు, మత్తుమందు. అక్కడి వీధుల్ని తినేస్తున్న ఓపియాయిడ్. మందు ఎక్కిన రెండు నిమిషాలకు కుర్రాడు లేచి కూర్చుని, మత్తు దింపేశారని వీళ్లనే తిట్టాడు.

కంటిలో గుర్తు ఒకటే. నందిగామలో అది చెప్పే మాట ఒకటి, అక్కడ చెప్పే మాట ఇంకొకటి. కంచల పెద్దాయన అడిగిన "మళ్లీ ఏం చదువు" అన్నదానికి నాకు దొరికిన జవాబు ఈ రాత్రి కథలోనే ఉంది. జబ్బుల్ని ఆమె ఇక్కడే చదివింది. అక్కడ చదువుతున్నది ఆ ఊరిని. ఎవరు ఏం తాగుతారు, ఏం దాస్తారు, ఎవరితో చెప్పుకుంటారు, ఏ మాటకు నొచ్చుకుంటారు. ఇవేవీ స్టెప్ 1లో రావు. రావడం కుదరదు కూడా.

దీనికే ఇంకో సంగతి చేర్చాలి. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన మన వత్సవాయి వైపు మామ్మగారొకరు కడుపునొప్పితో ఆ ఆస్పత్రిలో చేరారు. మా అమ్మాయి డ్యూటీలోనే ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. కానీ ఆ ఆస్పత్రిలో, వైద్య విషయాలు రోగి భాషలో మాట్లాడాలంటే డాక్టరైనా సరే ఆ భాషలో పరీక్ష పాసై ఉండాలి. లేదంటే దుబాసీ కావలసిందే. తెలుగు పుట్టుకతో వచ్చిన అమ్మాయి, తెలుగు పరీక్ష రాయలేదు. చక్రాల స్టాండు మీద ఒక తెర తెచ్చి మంచం పక్కన పెట్టారు. అందులో ఎక్కడో దూరాన ఉన్న దుబాసీ గొంతు సవరించుకుని, "అమ్మా, మీ ఉదర భాగంలో నొప్పి యొక్క తీవ్రతను ఒకటి నుండి పది వరకు గల అంకెలలో తెలుపగలరా?" అన్నాడు.

మామ్మగారు మా అమ్మాయి వైపు తిరిగి, "ఎవురమ్మా ఆయన, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్టాడతన్నాడు?" అంది.

వార్తా విభాగం మిత్రులు మన్నించాలి.

"అంకెల్లో ఎట్టా చెప్తాను నాయనా? పొయ్యి మీద పాలు పొంగినట్టు వస్తది. ఇగ పోయిందిరా నా పని అనుకునేలోపల దిగిపోద్ది. మళ్లీ కాసేపటికి పొంగుద్ది." దుబాసీ పాలనూ పొయ్యినీ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించాడు. సీనియరు డాక్టరు కలం పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. పాలు తాగితే నొప్పి వస్తుందని రాసుకోబోయాడట. మా అమ్మాయి బయటికొచ్చాక ఆయనకు చెప్పింది. పొంగి దిగే నొప్పి, అంటే లోపల ఒక గొట్టం దేన్నో నెట్టడానికి ప్రయత్నిస్తూ అలసిపోతూ మళ్లీ ప్రయత్నిస్తోంది. స్కాను చేశారు. పిత్తాశయంలో రాయి. మామ్మగారు ఇంటికి వెళ్లేటప్పుడు ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, పెళ్లయిందా అని అడిగింది. ఏ దుబాసీ అవసరం పడలేదు.

ఆ అమ్మాయి తిరిగొస్తుందా అని మీరు అడగబోతున్నారని తెలుసు. ఆమె వెళ్లింది జే1 వీసా మీద. ఆ వీసాకు మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఒక కాగితం ఇవ్వాలి, ఈ విద్యలో శిక్షణ పొందిన డాక్టర్లు మా దేశానికి కావాలి అని. శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది షరతు. ఆ షరతును దాటడానికీ ఒక దారి పెట్టారు. 1994 నుంచి ఉన్న కాన్రాడ్ పథకం కింద, డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పని చేయడానికి ఒప్పుకుంటే షరతు మాఫీ. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి ముప్పై మంది. డాక్టర్లు దొరకని చోటంటే ఏమిటి? ఎక్కువ భాగం పల్లెలూ చిన్న పట్నాలే. పెద్ద ఆస్పత్రికి రెండు గంటల ప్రయాణం, వ్యవసాయం, ముసలివాళ్లు, పట్నం వెళ్లిపోయిన పిల్లలు. అమెరికాలో పుట్టి చదివిన డాక్టరు వెళ్లడానికి ఇష్టపడని ఊరు. నాకు వినగానే నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. నేనిక్కడ రాత్రి డ్యూటీ చేసే డాక్టరు కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. జగ్గయ్యపేట నుంచి బయల్దేరిన పిల్ల అక్కడెక్కడో ఒక నందిగామలో తేలబోతోంది.

ఆమె మీద నాకు కోపం లేదు. జగ్గయ్యపేటలో దొరికిన బౌద్ధ శిల్పాల్లో మేటి అయిన మాంధాత చక్రవర్తి పలకే వెళ్లి మద్రాసు మ్యూజియంలో స్థిరపడింది. చక్రవర్తే ఆగలేదు, ఫిట్టరు కూతుర్ని ఆపడానికి నేనెవర్ని? ఏం చేస్తుందో ఆమెకే ఇంకా తెలియదు. ఆదివారం ఫోను చేస్తుంది. వీసా సంగతి మాట్లాడదు. వానలు పడ్డాయా, పాము కేసులు మొదలయ్యాయా అని అడుగుతుంది.

మొన్న కంచల పెద్దాయన వచ్చాడు. అదే ప్రశ్న. ఈసారి తీరిక చేసుకుని చెప్పాను. అక్కడి జనాన్ని చదువుతోంది, అందుకే ఇంకా అవలేదు అని.

"జనాన్ని చదవటానికి ఎన్నేళ్లంట?"

"మూడేళ్లు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ, "నీకు మా ఊరు తెలవటానికి పదేళ్లు పట్టింది గదయ్యా" అన్నాడు.

పట్టీ కట్టి గాలి కొట్టాను. 170, 100. బిళ్లలు మానేశావా అంటే, అయిపోయి వారమైందన్నాడు.